సింగరేణి బొగ్గు ప్రాంతంలో పునీతులు, వేదసాక్షుల పండుగలు

గోదావరికి ఇటు రామగుండం, గోదావరిఖని, యైటింక్లైన్ కాలనీ, ఎన్టీపీసీ జ్యోతినగర్. అటు మంచిర్యాల, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి. ఇంకా కిందికి వస్తే భూపాలపల్లి, మణుగూరు, ఇల్లెందు, కొత్తగూడెం. సింగరేణి కాలరీస్ కంపెనీ గనులున్న ఈ ఊళ్లలో కాథలిక్కులు కొద్దిమందే. ఇక్కడి క్రైస్తవుల్లో ఎక్కువమంది దక్షిణ ఇండియా సంఘానికో, పెంతెకొస్తు సంఘాలకో చెందినవారు. వారి ఆరాధనలో పునీతుల పండుగలకు పెద్దగా చోటు లేదు. కాథలిక్కు విచారణల్లో (పారిష్‌లలో) మాత్రం జనవరి నుంచి డిసెంబరు దాకా పునీతుల పంచాంగం ఒకటి నడుస్తూనే ఉంటుంది. ఎవరు ఏ రోజున చనిపోయారు, ఎవరిని ఏ కష్టానికి తలుచుకోవాలి, ఎవరి పేరు బిడ్డకు పెట్టాలి అనేవన్నీ అందులో ఉంటాయి.

ఈ పంచాంగాన్ని బొగ్గు ప్రాంతంలో చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. యూరప్‌లో గని కార్మికుల పాలక పునీతురాలిగా ఇంటింటా తెలిసిన బార్బరా పేరు తెలుగు విచారణల్లో పెద్దగా వినబడదు. అంతోని, జోజప్ప, తోమాసు, లూర్దుమాత మాత్రం ఇంటి మనుషుల కింద లెక్క. వృత్తి ఒకటే అయినంత మాత్రాన పునీతులు సముద్రాలు దాటి రారు. వాళ్లను మోసుకొచ్చే మనుషులు కావాలి. సింగరేణికి ఎవరెవరు ఎక్కడి నుంచి వచ్చారో, వాళ్ల వెంటే వాళ్ల పునీతులూ వచ్చారు.

మరణ దినమే పండుగ

పునీతుల పండుగ సాధారణంగా వారు చనిపోయిన రోజున వస్తుంది. ఆ రోజును పరలోకంలో పుట్టినరోజుగా లెక్కించడం తొలి క్రైస్తవుల ఆచారం. ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్ నగరాన్ని అప్పట్లో స్ముర్న అనేవారు. అక్కడి పీఠాధిపతి పోలికార్పును క్రీ.శ. 155 ప్రాంతంలో చంపినప్పుడు, ఆ సంఘం వారు ఆయన ఎముకలను ఏరి భద్రపరచి, ఏటా అదే రోజున కూడుకోవాలని నిశ్చయించుకున్నారు. ఆ సంగతి వాళ్లు రాసిన లేఖ వల్లే మనకు తెలుసు. వేదసాక్షుల వార్షిక స్మరణకు దొరికే తొలి ఆధారాల్లో ఇదొకటి. పోలికార్పు స్మరణ నేటికీ ఫిబ్రవరి 23న జరుగుతుంది. పుట్టినరోజునే పండుగగా చేసుకునేది ప్రధానంగా ముగ్గురికి: డిసెంబరు 25న క్రీస్తుకు, సెప్టెంబరు 8న మరియమాతకు, జూన్ 24న బాప్తిస్మ యోహానుకు.

మొదట్లో ఎవరు పునీతులో తేల్చింది స్థానిక ప్రజలూ పీఠాధిపతులూ. పోపు స్వయంగా ప్రకటించిన తొలి పునీతుడిగా నమోదైనవాడు ఆగ్స్‌బర్గ్ పీఠాధిపతి ఉల్రిక్, అది 993లో. 1588లో ఐదవ సిక్స్‌టస్ పోపు ఈ పనికి రోములో ఒక శాఖనే ఏర్పాటు చేశారు. ఇప్పుడు అమల్లో ఉన్న పద్ధతి రెండవ జాన్ పాల్ పోపు 1983లో సంస్కరించినది. దాని ప్రకారం పరిశీలన మొదలైనప్పుడు ఆ వ్యక్తి దైవసేవకుడు; సుగుణాలు రుజువైతే గౌరవనీయుడు; ఆయన ప్రార్థనా సహాయంతో ఒక అద్భుతం జరిగిందని తేలితే ధన్యుడు; మరో అద్భుతం తేలితే పునీతుడు. వేదసాక్షికి ఒక మినహాయింపు ఉంది. ధన్యత ప్రకటించడానికి అద్భుతం అక్కరలేదు, రక్తసాక్ష్యమే చాలు.

అయితే వేదసాక్షి అనిపించుకోవడానికి షరతు గట్టిది. చంపినవాడు విశ్వాసం మీది ద్వేషంతో చంపి ఉండాలి. చనిపోయినవాడు దాన్ని తెలిసి అంగీకరించి ఉండాలి. బొగ్గు బాయిలో రూఫ్ పడి చనిపోయిన కార్మికుడు ఎంత భక్తుడైనా ఈ లెక్కలోకి రాడు. గోదావరిఖనికి తనవైన మరణ దినాలు ఉన్నాయి. 2003 జూన్ 16న 7ఎల్ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది, అదే ఏడాది అక్టోబరు 16న 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది చనిపోయారు. చర్చి చట్టంలో ఇటువంటి మరణానికి పేరు లేదు. కానీ ఒకరిని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్నవాడి సంగతేమిటన్న ప్రశ్న చర్చిని చాలాకాలం వేధించింది. ఆష్‌విట్జ్ నిర్బంధ శిబిరంలో మరో ఖైదీకి బదులుగా చావుకు సిద్ధపడి 1941 ఆగస్టు 14న మరణించిన పోలండ్ ఫ్రాన్సిస్కన్ గురువు మాక్సిమిలియన్ కోల్బే విషయంలో ఈ చర్చ తారస్థాయికి చేరింది. 1971లో ఆయన్ను ధన్యుడిగా ప్రకటించినప్పుడు వేదసాక్షి అనలేదు. 1982లో పునీతుడిగా ప్రకటిస్తూ జాన్ పాల్ మాత్రం వేదసాక్షి అనే అన్నారు. 2017లో పోపు ఫ్రాన్సిస్ ఇతరుల కోసం ప్రాణం అర్పించడాన్ని పునీత పట్టానికి ఒక కొత్త మార్గంగా చేర్చారు. కాగితం మీద చూస్తే, తోటివారి కోసం నీళ్లు నిండిన గనిలోకి దిగే రెస్క్యూ మనిషికి ఈ మార్గం తెరిచే ఉంది. ఇందులో మాత్రం వేదసాక్షికి ఉన్న వెసులుబాటు లేదు; ఒక అద్భుతం కావాలి.

పండుగలన్నీ ఒకే స్థాయివి కావు. అన్నిటికన్నా పైది మహోత్సవం, తరవాత పండుగ, ఆ తరవాత స్మరణ. స్మరణల్లో తప్పనిసరివీ ఐచ్ఛికాలూ ఉంటాయి. రోములో ఐచ్ఛిక స్మరణగా ఉన్న పునీతుడే తన పేరున వెలసిన విచారణలో మహోత్సవం అందుకుంటాడు. ఒక ఊళ్లో తేరు, అన్నదానం, మైకులు ఉన్న రోజున పక్క ఊళ్లో పూజలో ఒక ప్రార్థన మారడంతో సరిపోవడానికి కారణం ఇదే.

నదికి ఇటూ అటూ

చర్చి పాలనా రీత్యా బొగ్గు ప్రాంతం మూడు మేత్రాసనాల (డయోసిస్‌ల) కింద ఉంది. పాత కరీంనగర్, వరంగల్ జిల్లాలు 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనంలోవి. దాని ప్రధాన దేవాలయం కాజీపేట ఫాతిమానగర్‌లో ఉంది, తొలి పీఠాధిపతి ఇటలీకి చెందిన పీమే సభ గురువు అల్ఫోన్సో బెరెత్తా. కొత్తగూడెం, ఇల్లెందు వైపు 1988లో ఏర్పడిన ఖమ్మం మేత్రాసనం. ఈ రెండూ లాటిన్ సంప్రదాయానివి. గోదావరి దాటి పాత ఆదిలాబాద్ జిల్లాలో అడుగుపెడితే సంప్రదాయమే మారుతుంది. కేరళ సీరో మలబార్ సంఘం తన సొంత గడ్డ బయట చేపట్టిన తొలి మిషన్ 1962 నాటి చాందా మిషన్. మహారాష్ట్రలోని చంద్రపూర్ ప్రాంతంతో పాటు ఆదిలాబాద్ జిల్లా కూడా దాని కిందికి వచ్చింది. 1999లో ఆదిలాబాద్ విడిపోయి మంచిర్యాల కేంద్రంగా మేత్రాసనమైంది. దీని తొలి పీఠాధిపతి జోసఫ్ కున్నత్.

గోదావరి వంతెన దాటితే పూజా క్రమం, పండుగల తేదీలు కూడా కొంత మారతాయని బయటివారికి తెలియదు. కార్మికుడు ఒక గని నుంచి మరో గనికి బదిలీ అయితే ఇంటివారు ఈ తేడాను అలవాటు చేసుకోవాలి.

బార్బరా: డిసెంబరు 4

కథ ప్రకారం బార్బరా మూడో శతాబ్దపు అమ్మాయి. ఆమె ఊరు నికోమేదియా అని కొందరు, మరేదో అని కొందరు చెబుతారు. తండ్రి దియోస్కొరుసు ధనికుడు. కూతురు ఎవరి కంటా పడకుండా గోపురంలో బంధించాడు. అతడు ఊళ్లో లేనప్పుడు ఆమె స్నానాల గదికి రెండు కిటికీల బదులు మూడు పెట్టించింది, త్రిత్వానికి గుర్తుగా. తండ్రికి సంగతి అర్థమై కత్తి దూశాడు. ఆమె పారిపోతుంటే బండ చీలి దారిచ్చి లోపల దాచుకుంది. గొర్రెల కాపరి ఒకడు జాడ చెప్పేశాడు. చిత్రహింసల తరవాత తల నరికే పని తండ్రే చేశాడు. ఇంటికి వెళుతుండగా పిడుగు పడి బూడిదయ్యాడు.

గని పనివారికి ఈ కథలో కావలసినవన్నీ ఉన్నాయి. చీలి ఆశ్రయమిచ్చిన బండ, పైనుంచి పడే నిప్పు, చెప్పాపెట్టకుండా వచ్చే చావు. మధ్యయుగపు యూరప్ కాథలిక్కుల అతి పెద్ద భయం, పాపసంకీర్తనం చేయకుండా, చివరి సత్‌ప్రసాదం అందకుండా పోవడం. అలాంటి చావు రాకుండా చూసే తల్లిగా బార్బరాను కొలిచారు. 17వ శతాబ్దంలో గనుల్లో తుపాకి మందుతో రాయి పేల్చడం మొదలయ్యాక ఆమెకు పని ఇంకా పెరిగింది. ఫిరంగి దళాలు, సొరంగ కార్మికులు, మందుగుండు పనివారు అందరూ ఆమె పేరే తలిచారు. స్పానిష్ ఓడల్లో మందుగుండు గదికి ఆమె పేరే స్థిరపడిపోయింది. షాట్ ఫైరర్ బత్తీ పెట్టి పక్కకు తప్పుకునే ఆ కొద్ది క్షణాలకు ప్రపంచంలో ఎవరైనా దేవత ఉందంటే అది బార్బరాయే.

పోలండ్ సైలీషియా బొగ్గు ప్రాంతంలో డిసెంబరు 4 నేటికీ పెద్ద పండుగ. ఈకల కుచ్చు పెట్టిన టోపీలు, నల్లని దుస్తులతో కార్మికులు పొద్దున్నే బ్యాండు మేళంతో పూజకు వెళతారు. జర్మన్ ఇళ్లలో ఆ రోజు చెర్రీ కొమ్మ కోసి నీళ్లలో పెడతారు, క్రిస్మస్‌కు పూస్తుందని.

ఇంతా చేసి ఆమె ఉన్నదో లేదో తెలియదు. తొలి వేదసాక్షుల జాబితాల్లో పేరు లేదు, కథ రూపు దిద్దుకున్నది చాలా శతాబ్దాల తరవాత. 1969లో పంచాంగం సవరించినప్పుడు రోము ఆమె స్మరణను సార్వత్రిక పంచాంగంలోంచి తీసేసింది. పునీతుల పట్టికలో మాత్రం పేరు ఉంచింది. సైలీషియా కార్మికులు ఆ సవరణను లెక్కచేయలేదు.

బార్బరా ఒక్కతే కాదు. పోలండ్ వియెలిచ్కా ఉప్పు గనిలో భూగర్భంలోనే ఉప్పురాతితో చెక్కిన పెద్ద ప్రార్థనాలయం ఉంది. అది కింగా పేరున. 13వ శతాబ్దపు హంగరీ రాకుమారి కింగా, పోలండ్ కోడలిగా వస్తూ పుట్టింటి ఉప్పు గనిలో పడేసిన ఉంగరం ఇక్కడి ఉప్పు గడ్డలో దొరికిందని కథ. ఆమెను పునీతురాలిగా ప్రకటించింది 1999 జూన్ 16న. చిలీ గని కార్మికులకు లారెన్సు దిక్కు. 258లో రోములో ప్రాణాలిచ్చిన ఈ ఉపగురువును ఇనుప చట్రం మీద కాల్చి చంపారని సంప్రదాయం చెబుతుంది. 2010 ఆగస్టు 5న శాన్ హోసే గనిలో చిక్కుకున్న 33 మందిని బయటికి తెచ్చే పనికి ఆయన పేరే పెట్టారు. ఆయన పండుగ ఆగస్టు 10. అక్టోబరు 13 నాటికి 33 మందీ ప్రాణాలతో పైకి వచ్చారు. ఇక శాక్సనీ వెండి గనుల వారికి మరియమాత తల్లి అన్నమ్మ పాలకురాలు. అక్కడి ఆనాబెర్గ్ పట్టణం ఆమె పేరు మీదే వెలసింది. రాగి గనుల వ్యాపారి కొడుకు మార్టిన్ లూథర్ 1505లో పిడుగు పక్కన పడితే హడలిపోయి మఠంలో చేరతానని మొక్కుకున్నది ఈ అన్నమ్మకే. ఆ మొక్కు ఎంత దూరం వెళ్లిందో, పునీతుల మొక్కులనే ఎలా కాదనిపించిందో చరిత్రకు తెలుసు.

సింగరేణిలో బార్బరా చేయాల్సిన పని మైసమ్మ చేస్తోంది. షిఫ్టుకు దిగే ముందు మైసమ్మకో దుర్గమ్మకో దండం పెట్టుకోవడం ఇక్కడి అలవాటు. కాథలిక్కు కార్మికుడు మెడలో జపమాలో, అంతోని వారి పతకమో వేసుకుంటాడు. కంపెనీ సొంత పండుగ డిసెంబరు 23న వస్తుంది. 1920లో అదే రోజున పాత హైదరాబాద్ దక్కన్ కంపెనీ సింగరేణి కాలరీస్‌గా మారింది. దానికీ బార్బరాకీ మధ్య ఇరవై రోజులు కూడా తేడా లేదు. ఇద్దరికీ పరిచయం మాత్రం కాలేదు.

మే 1: ఎర్రజెండా, జోజప్ప

యేసును పెంచిన తండ్రి, వడ్రంగి యోసేపు తెలుగు కాథలిక్కులకు జోజప్ప గారు. ఆయన మహోత్సవం మార్చి 19. రెండో పండుగ మే 1న వస్తుంది. 1955లో పన్నెండవ పయస్ పోపు ఇటలీ క్రైస్తవ కార్మికుల సభలో దాన్ని ప్రకటించారు. అప్పటికి మే డే కమ్యూనిస్టు పార్టీల సొంతమై ఉంది. ఆ రోజును చర్చి కూడా కార్మికుల దినంగా అందుకోవాలన్నది ఆయన ఉద్దేశం. పోటీ కోసమే పెట్టిన పండుగ అనడానికి సంకోచించనక్కరలేదు.

గోదావరిఖనిలో ఆ పోటీకి అర్థం లేకుండా పోయింది. సింగరేణి కార్మికోద్యమం 1940ల్లో శేషగిరి, మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ వంటి వారి చేతుల మీద మొదలైంది. మే డే ఇక్కడ గని గేట్ల దగ్గర జెండా ఎగరేసే రోజు. పొద్దున గేటు దగ్గర జెండా వందనం చేసిన మనిషే సాయంత్రం జోజప్ప పూజకు రావడంలో వింతేమీ లేదు. జోజప్ప సుఖమరణానికి కూడా పాలకుడు. మరియమాత, యేసు పక్కన ఉండగా కన్ను మూశాడని సంప్రదాయం చెబుతుంది. అర్ధాంతరపు చావు భయంతో ఐరోపా కార్మికుడు బార్బరాను అడిగినదాన్నే ఇక్కడివారు జోజప్పను అడుగుతారు.

ఈ ప్రాంతంలో తేదీలు ఇలా ఒకదాని మీద ఒకటి పడటం మరోచోట కూడా ఉంది. జూలై 28 పునీత అల్ఫోన్సా పండుగ. నక్సలైట్ నాయకుడు చారు మజుందార్ మరణించిన రోజు కూడా అదే కావడంతో మావోయిస్టులు అమరుల వారం పాటించడం అప్పటి నుంచే మొదలయ్యేది. సికాస (సింగరేణి కార్మిక సమాఖ్య) రోజులు చూసిన కార్మిక కుటుంబాలకు ఆ తేదీ స్తూపాలనూ పోలీసు సోదాలనూ గుర్తు చేస్తుంది. మంచిర్యాల వైపు కేరళ కన్యస్త్రీలకు అది తొమ్మిది రోజుల నవదిన ప్రార్థనలు ముగిసే రోజు.

కేరళ వారి వెంట వచ్చినవారు

అల్ఫోన్సా 1910లో కొట్టాయం దగ్గర కుడమాళూరులో పుట్టి, జబ్బుతో మంచం పట్టి 1946లో 36వ ఏట చనిపోయిన కన్యస్త్రీ. 2008 అక్టోబరు 12న భారతీయ మహిళల్లో తొలి పునీతురాలయ్యారు. చేసిన ఘనకార్యం ఏదీ చెప్పుకోవడానికి లేకపోవడమే ఆమె ప్రత్యేకత. సీఎంఐ సభ స్థాపకుల్లో ఒకరైన కురియాకోస్ ఏలియాస్ చావరా (1805–1871) మరో రకం. చర్చి పక్కన బడి ఉండి తీరాలన్న పట్టుదల ఆయనది. 2014 నవంబరు 23న ఆయన్నూ, కన్యస్త్రీ యూఫ్రేసియానూ కలిపి పునీతులుగా ప్రకటించారు. చావరా పండుగ జనవరి 3. చాందా మిషన్‌ను మొదట చేతికి తీసుకున్నది ఆయన సభ వారే కాబట్టి గోదావరికి అవతల ఆయన పేరు బడుల ద్వారా తెలిసింది.

వీరందరికీ మూలం తోమాసు. అపోస్తలుడు తోమాసు క్రీ.శ. 52లో కేరళ తీరంలో దిగి, 72లో చెన్నై మైలాపూర్ దగ్గర బల్లెం పోటుకు బలయ్యాడని సీరో మలబార్ వారి నమ్మిక. చరిత్రకారులు ఈ తేదీలను రుజువైనవిగా ఒప్పుకోరు; కాని కేరళలో చాలా పాత క్రైస్తవ సంఘం ఉన్నదన్నది వివాదం లేని మాట. ఆయన పండుగ జూలై 3. లాటిన్ పంచాంగంలో అది ఒకప్పుడు డిసెంబరు 21న ఉండేది. 1969 సవరణలో జూలై 3కు మారి, ఈ ఒక్క విషయంలో నదికి ఇటూ అటూ తేదీ కలిసింది.

అంతోని వారి మంగళవారం

తెలుగు లాటిన్ విచారణల్లో జనం ఎక్కువగా మొక్కుకునేది పాదువా అంతోనికి. 1195లో లిస్బన్‌లో పుట్టిన ఈయన అసలు పేరు ఫెర్నాందో. మొరాకోలో 1220లో ప్రాణాలిచ్చిన ఐదుగురు ఫ్రాన్సిస్కన్ వేదసాక్షుల దేహాలు పోర్చుగల్‌కు వచ్చినప్పుడు చూసి, తానూ అలా చావాలని ఆ సభలో చేరాడు. మొరాకో వెళ్లాడు, జబ్బు చేసి వెనక్కి వచ్చాడు. వేదసాక్షి కావాలనుకున్నవాడు చివరికి పోయిన వస్తువులు వెతికిపెట్టే పునీతుడయ్యాడు. 1231 జూన్ 13న మరణించాడు, ఏడాది తిరగకముందే పునీతుడిగా ప్రకటించారు. సమాధి చేసింది మంగళవారం కనుక మంగళవారాలు ఆయనవి. వరసగా పదమూడు మంగళవారాలు మొక్కు తీర్చుకోవడం, పేదలకు రొట్టె పంచడం ఆ భక్తిలో భాగం. మన దగ్గర రొట్టె పక్కన కొబ్బరికాయ కూడా చేరింది.

ఈ భక్తిని బొగ్గు గనులకు మోసుకొచ్చింది కోస్తా, ఖమ్మం వైపు నుంచి పనికి వచ్చిన కుటుంబాలు. వారి పేర్లు వింటే 18వ శతాబ్దపు జెస్యూట్ల కర్నాటక మిషన్ గుర్తొస్తుంది. రాయప్ప అంటే పేతురు, చిన్నప్ప అంటే పౌలు, ఇన్నయ్య అంటే ఇగ్నేషియస్, శౌరి అంటే డిసెంబరు 3న పండుగ ఉన్న ఫ్రాన్సిస్ జేవియర్. ఈ పేర్ల వెనక కులం పేర్లు కూడా అలాగే నిలిచిపోయాయి.

సంక్రాంతి రోజుల వేదసాక్షి

కులం మాట వచ్చింది కనుక దేవసహాయం గురించి ఇక్కడే చెప్పాలి. 1712లో ఇప్పటి కన్యాకుమారి జిల్లాలో నాయర్ కుటుంబంలో పుట్టి, తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ కొలువులో అధికారిగా ఉన్న నీలకంఠ పిళ్ళై ఈయన. 1741 కొలచెల్ యుద్ధంలో పట్టుబడి తరవాత రాజుకే సేనాని అయిన డచ్చి కెప్టెన్ డి లనోయ్ ద్వారా క్రైస్తవం తెలిసింది. 1745లో జ్ఞానస్నానం పొందాడు. తక్కువ కులాల వారితో కలిసి కూర్చోవడం, తినడం మొదలుపెట్టడంతో కొలువులో కోపాలు రగిలాయి. చెరసాల, దున్నపోతు మీద ఊరేగింపు, దెబ్బలు అయ్యాక 1752 జనవరి 14న ఆరల్వాయ్‌మొళి దగ్గర కాట్టాడిమలైలో కాల్చి చంపారు. 2012లో ధన్యుడు, 2022 మే 15న పునీతుడు. గురువు గానీ మఠవాసి గానీ కాని భారతీయుల్లో తొలి పునీతుడు ఈయనే. పునీత పట్టానికి ముందు ఆయన పేరులోంచి పిళ్ళై అన్న మాట తీసేయాలన్న విజ్ఞప్తిని రోము ఒప్పుకుంది. కులాన్ని కాదని చనిపోయినవాడికి కులం పేరు తగిలించడం ఎంత అసంబద్ధమో ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

జనవరి 14 మనకు చాలా ఏళ్లలో భోగి. పండక్కి సొంత ఊళ్లకు వెళ్లేవారితో కాలనీలు ఖాళీ అయ్యే ఆ రోజున దేవసహాయం స్మరణ తెలుగునాట నిలదొక్కుకోవడం కష్టమే. మిగతా వేదసాక్షుల్లో వసాయిలో పుట్టి 1597లో నాగసాకిలో శిలువ మీద చనిపోయిన గొన్సాలో గార్సియా (ఫిబ్రవరి 6), సన్యాసి వేషంలో మదురై మిషన్‌లో తిరిగి 1693 ఫిబ్రవరి 4న ఓరియూరులో తల నరికించుకున్న జాన్ డి బ్రిట్టో పేర్లు పూజలో వినబడతాయి. ఇందోర్ దగ్గర కూలీల పక్షాన నిలబడి 1995 ఫిబ్రవరి 25న బస్సు ప్రయాణంలో హత్యకు గురైన కన్యస్త్రీ రాణీ మరియా 2017లో ధన్యురాలైంది. వడ్డీ వ్యాపారుల కోపం ఆమె ప్రాణం తీసింది. దాన్ని విశ్వాస ద్వేషంగా చర్చి గుర్తించడం, వేదసాక్ష్యపు పాత నిర్వచనం ఎంత సాగిందో చూపిస్తుంది.

పండుగ జరిగే తీరు

విచారణ పండుగ జెండా ఎక్కించడంతో మొదలవుతుంది. తొమ్మిది రోజులు నవదిన ప్రార్థనలు, చివరి రోజు సాయంత్రం దివ్యపూజ, పూలతో దీపాలతో అలంకరించిన తేరు మీద పునీతుడి స్వరూపం ఊరేగింపు, అన్నదానం. బొగ్గు ఊళ్లలో దీనికి ఒక అదనపు లెక్క ఉంది, షిఫ్టులది. నవదినాలన్నిటికీ హాజరయ్యే కార్మికుడు అరుదు. మొదటి షిఫ్టు వారం వచ్చినవాడు సాయంత్రాలకు దొరుకుతాడు, రెండో షిఫ్టు వాడు దొరకడు. ఆదివారం ప్లేడే (వారపు సెలవు నాటి డ్యూటీ) పడితే రెట్టింపు జీతం. పూజకు వెళ్లాలా మస్టర్ (హాజరు) పడాలా అన్న సందిగ్ధం ప్రతి ఇంట్లో తెలిసిందే. మస్టరే గెలవడమూ తెలిసిందే. అందుకే పునీతుడి రోజు వారం మధ్యలో వస్తే పండుగను దగ్గరి ఆదివారానికి జరుపుకునే వెసులుబాటును విచారణలు వాడుకుంటాయి.

పెద్ద మొక్కులు మాత్రం ఊరు దాటే తీరతాయి. విజయవాడ గుణదలలో 1920ల్లో ఇటలీ గురువు అర్లాటి నెలకొల్పిన లూర్దుమాత క్షేత్రానికి ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే ఉత్సవాలకు ఉత్తర తెలంగాణ నుంచీ రైళ్లలో జనం వెళతారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయ కొడతారు. ఇందులో కాథలిక్కులు కానివారు కూడా ఎక్కువే.

నవంబరు మొదటి రెండు రోజులది వేరే తీరు. 1న సకల పునీతుల మహోత్సవం. పేరు తెలియనివారితో సహా పునీతులందరికీ కలిపి ఒకే రోజు. 2న సమాధుల పండుగ. పదో శతాబ్దం చివర ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఒదిలో తన మఠాల్లో మొదలుపెట్టిన ఆచారం ఇది. సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. తేరు లేని, మేళం లేని ఈ రోజుకు గని ఊళ్లలో సెలవు పెట్టి వచ్చేవారు అంతోని పండుగ కన్నా ఎక్కువంటే నమ్మాలి.

తెలుగు నేల దైవసేవకులు

తెలుగువారిలో ఇంతవరకు పునీతుడిగా ప్రకటితమైనవారు లేరు. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని 2022లో కార్డినల్ కావడంతో తెలుగువారికీ దళితులకూ తొలిసారి ఆ పదవి దక్కింది; పునీత పట్టానికి మాత్రం రెండు పేర్లు ఎదురుచూస్తున్నాయి. ఫిరంగిపురం జ్ఞానమ్మ ఒకరు. సంస్కృత పండితుడు గాలి ఇన్నయ్య భార్య; భర్త పోయాక 1863లో కీళచ్చేరిలో ఆడపిల్లల కోసం బడి పెట్టి, పునీత అన్నమ్మ పేరున మఠకన్యల సభను మొదలుపెట్టారు. 1874లో ఫిరంగిపురంలోనూ నెలకొల్పి ఆ డిసెంబరులోనే కన్నుమూశారు. శాక్సనీ గని కార్మికుల అన్నమ్మ తెలుగునాట బడిపంతులమ్మల పాలకురాలైంది అలా.

రెండోవారు కృష్ణా జిల్లా పెదఅవుటపల్లి బ్రదర్ జోసఫ్ తంబి. తమిళ కుటుంబంలో పుట్టి, ఫ్రాన్సిస్కన్ మూడో సభ దుస్తుల్లో ఊరూరా తిరిగి, అవుటపల్లిలో స్థిరపడి 1945 జనవరి 15న మరణించారు. ఆయన ఒంటి మీద క్రీస్తు పంచగాయాలు కనిపించేవని భక్తులు చెబుతారు. ఆయన సమాధి దగ్గర ఉత్సవం సరిగ్గా సంక్రాంతి రోజుల్లో పడుతుంది. దేవసహాయానికి అడ్డమైన సెలవులే తంబికి కలిసొచ్చాయి. పండక్కి కోస్తా వెళ్లిన గోదావరిఖని కుటుంబాలు తిరుగు ప్రయాణంలో అవుటపల్లి చూసుకుని రావడానికి వీలుంటుంది.

వీరిద్దరూ వేదసాక్షులు కారు. అందువల్ల ధన్యత దక్కాలంటే ఒక్కొక్కరికీ ఒక అద్భుతం రుజువు కావాలి. అది సాధారణంగా వైద్యం వివరించలేని స్వస్థత అయి ఉంటుంది: రోగ నిర్ధారణ కాగితాలు, ముందూ తరవాతా తీసిన ఎక్స్‌రేలు, ఇతర పరీక్షలు, డాక్టర్ల సాక్ష్యం, రోములో నిపుణుల మండలి, ఆ తరవాత వేదాంతుల మండలి. అవుటపల్లి నుంచి వచ్చినవాళ్లు షిఫ్టుల్లోనూ కాలనీల్లోనూ చెప్పుకునే స్వస్థతలన్నీ ఆ వరసలో నిలబడాల్సిందే. వాటిలో చాలామటుకు ఆసుపత్రి చీటీ కూడా దాచిపెట్టని కథలు.